పీచు పరుపు మీద కబడ్డీ

బయోకెమిస్ట్రీ పేపరు పోయిందని ఇంట్లో చెప్పడానికి నేను మంచి అదను చూసుకున్నాను. పరుపు అంచు కుట్టేటప్పుడు అమ్మ దబ్బనాన్ని పళ్ళ మధ్య పెట్టుకుని రెండు చేతులతో గుడ్డ బిగలాగుతుంది. మా ఇంట్లో నిశ్శబ్దంగా ఉండేది ఆ కాసేపే. సరిగ్గా అప్పుడే చెప్పేశాను.

అమ్మ దబ్బనం తీసి గుడ్డలోకి దించింది. దించిన తీరు చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను.

“మిగతావి?”

“అన్నీ పాసేనమ్మా. అదొక్కటే పోయింది.”

“కబడ్డీలో ఎప్పుడైనా ఓడిపోయొచ్చావా?”

“పెద్దగా లేదు.”

“అక్కడ ఆడే పిల్లా నువ్వే, ఇక్కడ రాసే పిల్లా నువ్వే కదే! అక్కడ పనిచేసే బుర్ర ఇక్కడికొచ్చేసరికి ఏమైపోతోంది?”

నాన్న దూది మూట విప్పుతూ ఇదంతా విననట్టే ఉన్నాడు. ఇలాంటప్పుడు దూదికైనా చెవులుంటాయేమో గాని మా నాన్నకి ఉండవు.

మాది రేపల్లె. స్టేషను రోడ్డులో నాన్నకి పరుపుల కొట్టు ఉంది. జానీ బాషా పరుపులంటే చుట్టుపక్కల ఊళ్ళలో పేరే. నాన్న దూది ఏకించి నింపుతాడు, మా అమ్మ, ఆవిడ పేరు సల్మా, అంచులు కుడుతుంది, నేను ఖాళీగా ఉన్నప్పుడు వాటి మీద పడుకుని చదువుకుంటాను. అమ్మ దృష్టిలో నా పేపరు పోవడానికి సగం కారణం ఆ పడుకోవడమే. మిగతా సగం కబడ్డీ.

“నిన్ను ఆట మానమని నేనననులే,” అంది అమ్మ. “అంటే మీ నాన్న రెండ్రోజులు అన్నం సరిగ్గా తినడు. మాఘమాసంలో మళ్ళీ రాస్తావు కదా, ఆ సప్లిమెంటరీ. అందులో పాసయ్యావా, నీ ఇష్టం, ఆడుకో. పోయిందా, కబడ్డీ లేదు గిబడ్డీ లేదు. పొద్దున కాలేజీ, సాయంత్రం అదిగో.”

అదిగో అంటే కిటికీ పక్కనున్న కాలి మిషను. మా నానమ్మ మదార్‌బీ వాడినది. ఆవిడ పోయాక దాని మీద ఎవరూ కూర్చోలేదు. మర్నాడే అమ్మ దాని దుమ్ము దులిపి, నూనె వేసి, బెల్టు మార్పించి, పైన ఉతికిన దుప్పటి కప్పింది. ఆ చలికాలమంతా నేను ఇంట్లో ఏ మూల కూర్చున్నా ఆ మిషను నా వంకే చూస్తున్నట్టుండేది.

నేను చదివింది మా ఊళ్ళోనే ఉన్న చిన్న ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. ఎంత చిన్నదంటే జువాలజీ చెప్పే సాయిసుధ మేడమే ఆటల ఇన్‌ఛార్జి కూడా. పీడీ పోస్టు ఎప్పుడు ఖాళీ అయిందో గుర్తున్నవాళ్ళు కూడా రిటైరైపోయారు. కబడ్డీ జట్టుకి ఏడుగురు కావాలి, మేం సరిగ్గా ఏడుగురమే ఉన్నాం. ఒకరికి జ్వరమొస్తే జట్టుకే జ్వరం వచ్చినట్టు.

మేడం జన్మలో కబడ్డీ ఆడలేదు. ఆ మాట ఆవిడే మొదటిరోజు చెప్పింది. “నేను నిబంధనల పుస్తకం చదివానర్రా. మిగతాది మీరు చూసుకోండి.” చదవడమంటే అలా ఇలా కాదు. విజిల్ వేసి ఆట ఆపి, ఫలానా నిబంధన ప్రకారం నీ కాలు గీత తొక్కింది అని పాఠంలా చెప్పేది. బాగా ఆడితే ‘గుడ్’ అనేది, ఇంకా బాగా ఆడితే ‘డయాగ్రమ్ కూడా ఉంటే ఫుల్ మార్కులు’ అనేది.

మా కెప్టెన్ జెన్నిఫర్‌ది అడవులదీవి. ఆ ఊరి బస్సు దొరకాలంటే పొద్దుగూకకముందే ఆట ఆపేయాలి. క్లాసులయ్యాక మాకు మిగిలేది గంటకి కాస్త అటూ ఇటూ. ఆ గంట ఆడాలా, చదవాలా అన్నదే నా గొడవ. ఆడిన రోజు ఇంటికెళ్ళి పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోయేవి. చదివిన రోజు గ్రౌండ్‌లో మిగతా ఆరుగురూ నన్ను తిట్టుకునేవారు. ఒకరోజు ఈ ఏడుపంతా మేడం దగ్గర ఏడ్చాను.

ఆవిడ కాసేపు విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది.

“కూతకెళ్ళినప్పుడు నీ గుక్క ఎంతసేపు నిలుస్తుంది?”

“అరనిమిషం తేలిగ్గా నిలుస్తుంది మేడం.”

“ఆ అరనిమిషమూ కబడ్డీ కబడ్డీ అని ఒకే మాట అంటూ కూర్చుంటావా! దండగ కదూ! ఇవాళ్టి నుంచి ప్రాక్టీసులో క్రెబ్స్ వలయం చెప్పు.”

“ఏంటి మేడం?”

“క్రెబ్స్ వలయమమ్మా. నువ్వు రాయలేక వదిలేసి వచ్చిన ప్రశ్న.”

మనం తిన్న తిండి ఒంట్లో శక్తిగా మారడానికి కణాల లోపల కొన్ని రసాయనాలు ఒకదాని నుంచి ఇంకొకటిగా మారుతూ గుండ్రంగా తిరుగుతాయి. అదే ఆ వలయం. ఎనిమిది పేర్లు, ఎనిమిదీ నోరు తిరగనివే.

“ఆక్సాలోఅసిటేట్ దగ్గర బయల్దేరతావు. సిట్రేట్, ఐసోసిట్రేట్ అనుకుంటూ అన్నీ తిరిగి మళ్ళీ ఆక్సాలోఅసిటేట్ దగ్గరికే వస్తావు. కూత కూడా అంతే కదా! మధ్యగీత దగ్గర బయల్దేరి మళ్ళీ మధ్యగీతకే రావాలి. మధ్యలో ఒక్క పేరు తప్పావనుకో, నువ్వు అవుట్.”

నవ్వులాటకి మొదలుపెట్టాను గాని, రెండు వారాలు తిరిగేసరికి అది ఒంటికి పట్టేసింది. కుడికాలు ముందుకి వేస్తే సిట్రేట్. ఎడమవైపు తిరిగితే సక్సినేట్. ఎదుటివాళ్ళు మీదికొస్తుంటే ఫ్యూమరేట్, వెనక్కి దూకితే మాలేట్. గోడ అవతల రైస్ మిల్లులో ధాన్యం బస్తాలు దించే మనుషులు మొదట్లో గోడ మీంచి తొంగిచూసి, ఈ పిల్ల ఏదో దువా చదువుతోంది కాబోలనుకున్నారట.

చదువు గొడవ అలా ఒక దారికొచ్చింది. ఆట గొడవ మాత్రం అలాగే ఉంది. మా గ్రౌండ్‌ది నల్లమట్టి. కోతల కాలం దాటాక అది ఎండి రాయిలా బిగుసుకుపోతుంది. పడితే మోచేతులు చెక్కుకుపోతాయి. అందుకని మాకు తెలియకుండానే పడకుండా ఆడటం అలవాటైపోయింది. యూనివర్సిటీ పోటీలు బాపట్లలో, అదీ మ్యాట్ మీద. అక్కడి పిల్లలు భయం లేకుండా దూకుతారు, ఒంటిని సాచి గీత అందుకుంటారు.

“పడటం నేర్చుకోకపోతే మనం గెలవలేం,” అంది మేడం. “కాని ఎక్కడ పడదాం?”

ఆ సాయంత్రం నేను అన్నం తింటుంటే నాన్న నా మోచెయ్యి పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూశాడు. అమ్మే అంది. “చర్మమంతా అక్కడే పోగొట్టుకునిరా. పరీక్షకి ఎముకలతో వెళ్దువుగాని.”

నాలుగు రోజుల తర్వాత మేం గ్రౌండ్‌లో ఉండగా నాన్న ట్రాలీ ఆటో గేటు లోపలికి వచ్చింది. వెనక మంచం పట్టని పరుపొకటి, నాలుగు మంచాలంత వెడల్పు. నాన్న దిగి, చొక్కాకి అంటుకున్న దూది దులుపుకుంటూ మేడంతో, “మిగిలిన గుడ్డతో కుట్టానండి. పిల్లలు పడటానికి,” అన్నాడు.

మిగిలిన గుడ్డ అన్నది శుద్ధ అబద్ధం. పెళ్ళివారి పరుపులకి వాడే మేలురకం చారల గుడ్డ అది. లోపల నింపింది అసలైన బూరుగు దూది.

జెన్నిఫర్ కేక పెట్టి దాని మీదికి దూకింది. దూకినది దూకినట్టే లోపలికి దిగిపోయింది. చెయ్యి ఒకచోట, కాలు ఒకచోట, మనిషి మాత్రం కనపడలేదు. నేను కూతకెళ్ళాను. మోకాళ్ళ దాకా కూరుకుపోయి, సిట్రేట్ దగ్గరే ఆగిపోయాను. నన్ను పట్టుకోవాల్సినవాళ్ళు కూడా ఎక్కడివాళ్ళక్కడే కూరుకుపోయారు. విజిల్ వెయ్యాలో వద్దో మేడంకి ఏ నిబంధనలోనూ కనపడలేదు.

“ఎలా ఉందమ్మా?” అని అడిగాడు నాన్న.

“స్వర్గంలా ఉంది అంకుల్,” అంది లోపల నుంచి జెన్నిఫర్ గొంతు. “లేవబుద్ధి కావట్లేదు.”

నాన్న మొహం వెలిగిపోయింది. ఆయన బతుకంతా జనాన్ని పడుకోబెట్టడానికే పనిచేశాడు మరి. పరుపు ఎంత మెత్తగా ఉంటే అంత గొప్పదని తప్ప ఆయనకి ఇంకో లెక్క తెలియదు. మేడమే మెల్లగా చెప్పింది. “బాషాగారూ, పరుపు చాలా బావుందండి. కాని మాకు కావాల్సింది పడుకునేది కాదండి, పడి వెంటనే లేచేది.”

నాన్న దాన్ని చాలాసేపు చూశాడు. చేత్తో నొక్కాడు. “అంటే చెడ్డ పరుపు కావాలంటారు,” అన్నాడు చివరికి.

“అవునండి. వీలైనంత చెడ్డది.”

ఇంటికెళ్ళి దూదంతా తీసేసి కొబ్బరి పీచు కూరడం మొదలుపెట్టాడు. చెడ్డ పరుపు కుట్టడం ఆయనకి చేతకాలేదు. ప్రతి జానెడుకీ ఆగి, “ఇంత గట్టిగా ఉంటే మనిషన్నవాడు ఎలా పడుకుంటాడు?” అని బాధపడేవాడు. ఆఖరికి పళ్ళ బిగువున కూర్చుని, దబ్బనంతో దగ్గర దగ్గరగా కుట్లు వేసి బిగించాడు. చివరి రెండు అంచులూ అమ్మ కుట్టింది. అడిగితే, “ఆయన కుట్లు వంకరపోతుంటే చూడలేక,” అంది.

ఆ పీచు పరుపు మీద మేం పడటం నేర్చుకున్నాం. పక్కకి పడటం, బోర్లా పడటం, నడుం పట్టుకుని లాగుతుంటే చెయ్యి సాచి పడటం. అన్నిటికన్నా కష్టం ఏంటంటే, నేలకి ఛాతీ తగిలినప్పుడు నోట్లోంచి గాలి జారిపోకుండా కూత నిలబెట్టడం. నెల తిరిగేసరికి అదీ వచ్చేసింది. ఎంత గట్టిగా పడ్డా ఫ్యూమరేట్ తర్వాత మాలేట్ అనే దాన్ని.

తెల్లవారుజామున ఇంట్లో కూడా అదే పని. అమ్మ పొయ్యి దగ్గర ఉంటే నేను వసారాలో అటూ ఇటూ అడుగులు వేస్తూ వలయం తిరిగేదాన్ని. ఒకరోజు లోపలి నుంచి కేకేసింది.

“నిన్న సక్సినేటు తర్వాత ఫ్యూమరేటు అన్నావు. ఇవాళ మాలేటులోకి దూకావేంటే?”

నేను బిత్తరపోయాను. పుస్తకం తెరిచి చూస్తే అమ్మ చెప్పిందే నిజం. ఏడో తరగతి దాటని మా అమ్మ నా తప్పు పట్టుకుంది. ఆ రోజంతా ఆ సంబరంతో అమ్మ మొహం వెలిగిపోతూనే ఉంది. సాయంత్రం మిషను మీది దుప్పటి మాత్రం ఇంకోసారి దులిపింది.

పరీక్షల టైంటేబుల్, పోటీల టైంటేబుల్ ఒకే వారంలో వచ్చాయి. సప్లిమెంటరీ సెంటరు తెనాలి. నా పేపరు ఏ రోజు పొద్దునో, సరిగ్గా ఆ రోజు పొద్దున్నే బాపట్లలో ఫైనల్. వచ్చేవి నాలుగే జట్లు, కాబట్టి మా మొదటి ఆటే సెమీఫైనల్, అది ముందురోజు.

మేడం ఫోను తీసి పోటీలు నిర్వహించే హనుమంతరావు గారికి చేసింది. ఎంతో మర్యాదగా, ఎంతో సేపు మాట్లాడింది. మగపిల్లల ఫైనల్ ముందు పెట్టి, ఆడపిల్లలది మధ్యాహ్నం రెండింటికి మార్చడానికి ఆయన ఒప్పుకున్నాడు. “రెండయ్యేసరికి ఏడుగురూ మ్యాట్ మీద ఉండాలండి. తర్వాత నన్నేం అడగొద్దు,” అన్నాడట.

“ముందు సెమీస్ గెలవండర్రా,” అంది మేడం మాతో. “లేకపోతే ఇంత మర్యాదా వేస్టు.”

సెమీఫైనల్‌లో జరిగిన ముచ్చట ఇప్పటికీ బాపట్లలో చెప్పుకుంటారని జెన్నిఫర్ అంటుంది. కొంచెం పెంచి చెబుతోందనుకోండి. నీలం రంగు మ్యాట్, చుట్టూ జనం, మైకులో పేర్లు. నేను మొదటి కూతకి వెళ్ళాను. కుడికాలు వేశాను. ఎడమవైపు తిరిగాను. ఎదుటి పిల్లలు నన్ను పట్టుకోకుండా నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. ఎంత భయపడ్డారో చూడు అనుకుని ఇంకా లోపలికి వెళ్ళాను.

విజిల్ మోగింది. అంపైరు, నెరిసిన మీసాల పెద్దాయన, చెయ్యెత్తి నన్ను వెనక్కి పొమ్మన్నాడు.

“ఏంటమ్మా అది?”

“ఏదండి?”

“సక్సినేటో ఏదో అంటున్నావు?”

అప్పుడు గాని నాకు వెలగలేదు. మూడు నెలలుగా నేను ఒక్కసారి కూడా కబడ్డీ అనలేదు. కూతలో కబడ్డీ తప్ప ఇంకే మాట అన్నా కూత చెల్లదు, అవతలివాళ్ళకి ఒక పాయింటు. ఆ నిబంధన మేడంకి పేజీ నంబరుతో సహా తెలుసు. తెలిసి కూడా పోటీలకి ముందు నా నోటిని మళ్ళీ కబడ్డీకి మళ్ళించాలని ఆవిడకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. పక్కకి తిరిగి చూస్తే మేడం విజిల్ తాడు కొరుక్కుంటోంది.

అంతటితో అయిందా! తర్వాతి కూతలో ‘కబడ్డీ కబడ్డీ’ అని మొదలుపెట్టి, అడుగు పడగానే మళ్ళీ ఐసోసిట్రేట్‌లోకి జారిపోయాను. మళ్ళీ విజిల్, మళ్ళీ పాయింటు. జనం పగలబడి నవ్వారు. ఇక నన్ను పంపొద్దని జెన్నిఫరే చెప్పేసింది. మిగతా ఆటంతా తనూ మిగతావాళ్ళూ ఎదుటివాళ్ళ చీలమండలు పట్టి లాగి లాగి ఒక్క పాయింటు తేడాతో గట్టెక్కించారు. మేం ఫైనల్‌కి వచ్చాం. ఆనందంతో అందరూ ఎగురుతుంటే నేను ఏడ్చాను.

రాత్రి బండి దిగి ఇంటికి చేరేసరికి అమ్మానాన్నలకి అంతా తెలిసిపోయింది. ఎవరో తీసిన వీడియో అప్పటికే ఫోన్లలో తిరుగుతోంది. అమ్మ పళ్ళెంలో అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. తిడుతుందనే అనుకున్నాను.

“వీడియోలో సగమే ఉంది. మిగతావి కూడా వరసగానే చెప్పావా?”

“చెప్పానమ్మా.”

“ఒక్కటీ తప్పలేదు కదా?”

“తప్పలేదు.”

“అయితే తిని పడుకో. రేప్పొద్దున కూడా అలాగే చెప్పు, కాగితం మీద. అక్కడ విజిల్ వేసేవాళ్ళు ఉండరు.”

మర్నాడు మొదటి బండికే తెనాలి వెళ్ళాను. స్టేషన్లో జెన్నిఫర్ ఫోను. “ఒసేయ్, పాస్ మార్కులకి సరిపడా రాసి వచ్చెయ్. మిగతాది దేవుడు చూసుకుంటాడు. నేను ప్రార్థన చేశాలే.” సరేనన్నాను గాని మనసు రెండు ముక్కలైపోయింది. హాల్లో కూర్చున్నాక కూడా సగం బాపట్లలోనే ఉంది.

ప్రశ్నపత్రం తిప్పితే రెండో పేజీలో క్రెబ్స్ వలయం కనిపించింది. పాత స్నేహితురాలిలా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఎంత తన్నుకున్నా మొదటి రెండు పేర్లు దాటి ఇంకేదీ గుర్తురాలేదు. కదలకుండా కూర్చుని ఆ పేర్లు నేనెప్పుడూ చెప్పలేదు మరి. అప్పుడు బల్ల కింద కుడికాలు కొంచెం ముందుకి జరిపాను. గుక్క బిగబట్టాను. ఎడమకాలు పక్కకి వేశాను. ఒక్కొక్క పేరూ వరసగా వచ్చి నిలబడింది.

ఇన్విజిలేటరు సార్ నా బల్ల దగ్గర ఆగారు. “ఏంటమ్మా, కాళ్ళు ఆడిస్తున్నావు? ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉందండి. తిరిగొస్తున్నానండి,” అన్నాను.

ఆయనకి ఏమర్థమైందో గాని వెళ్ళిపోయారు. పాస్ మార్కులకి సరిపడా ఎప్పుడో రాసేశాను. గేటు తెరిచే ఉంది. లేచి వెళ్ళిపోవచ్చు. కాని రాయగలిగిన ప్రశ్న ఇంకొకటుంది, గుక్క ఇంకా మిగిలుంది. మధ్యలో వెనక్కి తిరిగితే ఆట కాదనిపించింది. ఆఖరి బెల్లు దాకా రాశాను.

బయటికి పరిగెత్తుకొచ్చేసరికి గేటు ముందు మా ట్రాలీ ఆటో కనిపించింది. వెనక పరుపుల గుట్ట, ముందు నాన్న, పక్కన అమ్మ. అమ్మ మంచి చీర కట్టుకుంది.

“మీరేంటి ఇక్కడ?”

“బాపట్లలో పెళ్ళివారి పరుపులు దించాలి,” అన్నాడు నాన్న.

“నువ్వేంటమ్మా?”

“నేను కాపలాకొచ్చాను. ఆట పిచ్చిలో పరీక్ష మధ్యలోనే లేచి పారిపోతావేమోనని పొద్దున్నుంచి ఈ గేటు దగ్గరే కూర్చున్నా. అందరూ వచ్చేశారు, నువ్వు ఆఖరున వచ్చావు. అన్నీ రాశావా?”

“రాశాను.”

“ఫ్యూమరేటు?”

“రాశానమ్మా!”

“ఎక్కు మరి. చూస్తావేంటి?”

పరుపుల గుట్ట మీద అన్నిటికన్నా పైన మా పీచు పరుపు ఉంది. వార్మప్‌కి తెమ్మని జెన్నిఫర్ నాన్నకి ఫోన్ చేసిందట. తాళ్ళ మధ్య దాని మీద వెల్లకిలా పడుకున్నాను. మాఘమాసపు ఎండ హాయిగా ఉంది. పొన్నూరు ఎప్పుడు దాటామో నాకు తెలియదు. కొబ్బరి పీచు వీపుకి గుచ్చుకుంటుంటే హాయిగా నిద్రపోయాను. నాన్నకి ఆ సంగతి చెబితే ఇప్పటికీ నమ్మడు.

బాపట్ల గ్రౌండ్ గేటు దగ్గర జెన్నిఫర్ రోడ్డు మీదే నిలబడి ఉంది. హనుమంతరావు గారు గడియారం చూసుకుంటున్నారు. నేను పరుపు మీంచి దూకి, బూట్లు సగం వేసుకుని, సగం చేత్తో పట్టుకుని మ్యాట్ మీదికి పరిగెత్తాను. ఏడుగురం ఉన్నాం.

అవతలిది చీరాల జట్టు. మాకన్నా పొడుగు, మాకన్నా బలం. నిన్నటి వీడియో వాళ్ళూ చూశారు. నేను గీత దాటగానే ఒకమ్మాయి, “సక్సినేట్ వచ్చిందే!” అని నవ్వింది. నేను కబడ్డీ తప్ప ఏమీ అనలేదు. పేర్లన్నీ తెనాలిలో కాగితం మీద దింపేసి వచ్చాను కదా, నోరు ఖాళీగా ఉంది. ఆట ఎక్కువసేపు వాళ్ళ వైపే ఉంది. మేం వెనకబడటం, అందుకోవడం, మళ్ళీ వెనకబడటం. చివరి కూత మాకు మిగిలేసరికి ఒక్క పాయింటు వెనక ఉన్నాం. ఒకరిని తాకి వస్తే సమం, ఇద్దరిని తాకి వస్తే గెలుపు.

జెన్నిఫర్ నా భుజం మీద చెయ్యి వేసింది. “వెళ్ళు. తిరిగొచ్చెయ్,” అంది.

గుక్క పట్టి వెళ్ళాను. కుడికాలు వేశాను. కుడివైపు చివరనున్న అమ్మాయి మోకాలికి నా వేళ్ళు తగిలాయి. ఒకటి. వెనక్కి దూకేలోపు ఎవరో నా చీలమండ పట్టేశారు. ఇంకొకరు నడుం చుట్టేశారు. మధ్యగీత నాకు మనిషెడు దూరంలో ఉంది.

పడ్డాను. పీచు పరుపు మీద ఎన్నిసార్లు పడ్డానో అలాగే, చెయ్యి ముందుకి సాచి, బోర్లా. ఛాతీ దబ్బున తగిలింది. గాలి జారలేదు. వాళ్ళు వెనక్కి లాగుతున్నారు, నేను మోచేతుల మీద పాకుతున్నాను. నెరిసిన మీసాల అంపైరు మోకాళ్ళ మీద కూర్చుని, నా నోటి దగ్గర చెవి పెట్టాడు. జనం గోలలో ఏ మాటా వినపడటం లేదు. ఒక్క గొంతు తప్ప.

“కబడ్డీ అనవే! సుమయా, కబడ్డీ అను! ఇంకేమీ అనకు!”

మా అమ్మ. మంచి చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, గీత దాకా వచ్చేసి, పక్కనున్న వాలంటీరు వెనక్కి లాగుతున్నా లెక్కచేయకుండా అరుస్తోంది.

కబడ్డీ కబడ్డీ కబడ్డీ అన్నాను. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, రెండూ మింగేసి కబడ్డీ అన్నాను. నా మధ్యవేలు గీతకి తగిలింది.

అంపైరు మూడు వేళ్ళు ఎత్తాడు. తాకినవాళ్ళు ఒకరు, పట్టుకున్నవాళ్ళు ఇద్దరు. నా మీద ఆరుగురూ పడ్డారు. వాళ్ళ కింద నుంచి చూస్తే సాయిసుధ మేడం నిబంధనల పుస్తకం గాల్లోకి విసిరేసి గంతులేస్తోంది. అంపైరు అటుగా వెళ్తూ నాతో, “ఇవాళ సిలబస్‌లోనే ఆడావమ్మా,” అన్నాడు.

కప్పు పెద్దదేం కాదు. అమ్మ దాన్ని బాపట్ల నుంచి రేపల్లె దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా నాన్నకి ఆట వివరించింది, ఆయన అక్కడ లేనట్టు.

సప్లిమెంటరీ ఫలితాలు మాఘం దాటి ఎండలు ముదిరాక వచ్చాయి. పాసవడం సరే, మిగతా పేపర్లన్నిటికన్నా అందులోనే ఎక్కువ మార్కులు. ఫోనులో చూపిస్తే అమ్మ నమ్మలేదు. నాన్న చేత చదివించుకుంది, మేడంకి ఫోను చేయించుకుంది. అప్పుడు నమ్మి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి సేమ్యా వాసన వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మిషను చప్పుడుకి మెలకువ వచ్చింది. లేచి వెళ్ళి చూస్తే కిటికీ పక్కన దుప్పటి తీసేసి ఉంది. నానమ్మ మిషను ముందు అమ్మ కూర్చుంది. ఒడి నిండా కొత్త చారల గుడ్డ ఉంది.

“అమ్మా, పాసయ్యాను కదా!”

“ఎవరు కాదన్నారు? ఆ పరుపు గుడ్డంతా మీరు పడి పడి చింపేశారు. వచ్చే ఏడు కొత్తపిల్లలు వస్తే ఎక్కడ పడతారు? ఈ అంచులు మీ నాన్న చేతికిస్తే మళ్ళీ వంకర.” మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. అమ్మ కాళ్ళు లయగా ఆడుతున్నాయి. పెదాలు మెల్లగా కదులుతున్నాయి. దగ్గరికి వెళ్ళి వింటే సిట్రేటు, ఐసోసిట్రేటు.

“ఏంటమ్మా, కూతకెళ్తున్నావా?”

అమ్మ తల తిప్పలేదు. చెయ్యి మాత్రం ఎత్తి నన్ను ఆగమంది. ఫ్యూమరేటు, మాలేటు, ఆక్సాలోఅసిటేటు దాకా వచ్చి, అంచు పూర్తిచేసి, దారం పళ్ళతో కొరికింది.

“కూతలో ఉన్నప్పుడు పలకరించొద్దే,” అంది. “గుక్క తప్పుతుంది.”